బ్రెయిలీలో పుస్తకం రాసిపెట్టడం ఎలా?

మీకు చూపుంది, వారానికి నాలుగైదు గంటల తీరిక ఉంది, చూపులేని వారికి చదువుకోవడానికి ఏదైనా తయారుచేసి పెట్టాలని ఉంది. అంతవరకూ ఉంటే ఈ పని మీరు చేయగలరు. బ్రెయిలీని, అంటే ఉబ్బెత్తు చుక్కల లిపిని, వేళ్లతో చదవడం మీకు రానక్కర్లేదు. రాసిపెట్టే వాళ్లలో చాలామంది కళ్లతోనే చదువుతారు. నేనూ అంతే. ఇన్నేళ్లయినా మూడక్షరాలు దాటితే నా వేలికి అంతా ఇసుకలాగే తగులుతుంది.

ఒక్క సంగతి మాత్రం మొదటి రోజు నుంచీ మనసులో పెట్టుకోండి. కన్ను పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేస్తుంది. వేలు ఒకసారికి ఒక్క అక్షరాన్నే పడుతుంది. శీర్షిక ఎక్కడుందో, పేరా ఎక్కడ తెగిందో, పట్టికలో మూడో వరుస ఏదో వేలికి వెతికితేగానీ దొరకదు. కింద చెప్పే పద్ధతుల్లో ఏదైనా చాదస్తంగా అనిపిస్తే ఒకసారి కళ్లు మూసుకుని, ఆ పేజీ మీద వేలు పెట్టి కూర్చున్నట్టు ఊహించుకోండి.

ముందు అడగండి

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు ఏమిటంటే, తమకు నచ్చిన పుస్తకం తీసుకుని మొదలుపెట్టేయడం. మూడు నెలలు కష్టపడ్డాక తెలుస్తుంది, అది ఇదివరకే బ్రెయిలీలో ఉందని, లేదా దాన్ని అడిగినవాళ్లే లేరని. అందుకని మొదట అంధుల కోసం పనిచేసే ఏదైనా సంస్థనో గ్రంథాలయాన్నో కలవండి. వాళ్ల దగ్గర ఎదురుచూస్తున్న పాఠకుల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో చాలావరకు నవలలు ఉండవు. పాఠ్యపుస్తకాలు, పోటీపరీక్షల మెటీరియల్, మందుల వాడకం చీటీలు, కుట్టుమిషను వాడే విధానం, ఎవరిదో పెళ్లిశుభలేఖ, ఇలాంటివే ఎక్కువ.

చూపులేని అందరికీ బ్రెయిలీ రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెద్దయ్యాక చూపు పోయినవారిలో చాలామంది వినడానికే అలవాటుపడతారు. చూపు కొంత మిగిలినవారికి కావలసింది పెద్దక్షరాలు: కనీసం 18 పాయింట్ల సైజు, మెరవని కాగితం, నలుపు తెలుపుల మధ్య స్పష్టమైన తేడా, వంకర టింకరలు లేని ఫాంటు. వాళ్లకు బ్రెయిలీ పంపితే అది అటక మీదకే వెళ్తుంది. అదే, చూపుతో పాటు వినికిడి కూడా లేనివారికి బ్రెయిలీ తప్ప మరో దారి ఉండకపోవచ్చు. చదువుకునే పిల్లలకూ ఆడియో ఒక్కటే చాలదు. 'కల' అన్నారో 'కళ' అన్నారో చెవి ఒక్కోసారి పోల్చుకోలేదు. వేలికి ఆ రెండూ వేర్వేరు.

పని ఒప్పుకునే ముందు ఈ నాలుగు మాటలూ తేల్చుకోండి. ఎప్పటికి కావాలి? కాగితం మీదా, ఫైలుగానా? లెక్కలుంటే ఏ గణిత బ్రెయిలీ కోడ్‌లో? మధ్యలో ఇంగ్లిష్ మాటలొస్తే ఏం చేయాలి? తేదీ దగ్గర మొహమాటపడకండి. పరీక్ష అయిపోయిన మర్నాడు అందే పాఠ్యపుస్తకం ఎంత చక్కగా రాసినా చిత్తుకాగితమే. పది అధ్యాయాలు ఒప్పుకుని ఆరు ఇచ్చేవాళ్ల కంటే రెండే ఒప్పుకుని రెండూ ఇచ్చేవాళ్లనే సంస్థలు మళ్లీ పిలుస్తాయి.

ఇక కాపీరైటు. చూపు లేనివారి కోసం ప్రచురితమైన రచనలు తయారుచేయడాన్ని సులువు చేసే అంతర్జాతీయ ఒప్పందం ఒకటి 2013 జూన్‌లో మరకేష్ నగరంలో కుదిరింది. దాన్ని మొట్టమొదట ఆమోదించిన దేశం భారత్, 2014లో. 2016 సెప్టెంబరు 30 నుంచి అది అమల్లో ఉంది. సారాంశం ఇది: ఒప్పందంలో చేరిన దేశాల్లో అర్హత ఉన్న సంస్థలు హక్కుదారుడి అనుమతి కోసం ఆగకుండా బ్రెయిలీ ప్రతి చేయవచ్చు, ఇతర సభ్యదేశాల్లోని అలాంటి సంస్థలతో పంచుకోవచ్చు. వివరాలు ఏ దేశపు చట్టంలో ఆ దేశానివి. సంస్థ ద్వారానే పని తీసుకోండి అనడానికి ఇదీ ఒక కారణం. మీరు చేసిన ఫైలును మాత్రం ఎవరుపడితే వాళ్లు దించుకునేలా నెట్‌లో పెట్టకండి.

సొంత ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు, వైద్య పరీక్షల రిపోర్టులు కూడా మీ దగ్గరకు వస్తాయి. పని ముగియగానే ప్రతి తిరిగి ఇచ్చేసి, ఫైలు చెరిపేసి, చదివింది మరిచిపోవాలి. ఇంట్లో కూడా చెప్పకూడదు.

ఆరు చుక్కలు

లూయీ బ్రెయిలీ 1809లో పుట్టాడు. తండ్రి తోలుపని చేసే దుకాణంలో ఆడుకుంటూ మూడేళ్ల వయసులో కన్ను పొడుచుకున్నాడు. తర్వాత రెండో కంటిచూపూ పోయింది. అతను చదివే బడికి షార్ల్ బార్బియే అనే ఆయన పన్నెండు చుక్కల రాత ఒకటి పట్టుకొచ్చాడు. వచ్చిన చిక్కల్లా ఆ పన్నెండు చుక్కలూ వేలికొస కింద పట్టకపోవడమే. వేలు పైకీ కిందకీ తడుముకోవాల్సి వచ్చేది. బ్రెయిలీ దాన్ని ఆరుకు తగ్గించి 1829లో అచ్చువేయించాడు. ఆరు చుక్కల గడి వేలికొస కింద సరిగ్గా సరిపోతుంది, కదిలించకుండానే తెలుస్తుంది. రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆ కొలత మారలేదంటే కారణం అదే.

గడిలో రెండు నిలువు వరుసలుంటాయి. ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. ఏ చుక్కలు లేచి ఉన్నాయన్న దాన్ని బట్టి 63 రకాల గుర్తులు వస్తాయి. ఏ చుక్కా లేకపోతే అది ఖాళీ.

తెలుగుకు వాడేది భారతి బ్రెయిలీ. 1951లో ఖాయమైన ఈ పద్ధతిలో హిందీ 'క'కీ తెలుగు 'క'కీ బెంగాలీ 'క'కీ గుర్తు ఒకటే: 1, 3. అచ్చులో లిపులు ఎన్నున్నా వేలికి మాత్రం ఒకే లిపి అన్నమాట. మీకు ఇంగ్లిష్ బ్రెయిలీ కొంచెం వస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే క, గ, చ, జ, ద, ప, బ, మ, ర, ల, స, హ లాంటివి ఆ శబ్దపు ఇంగ్లిష్ అక్షరాల గుర్తులనే తీసుకున్నాయి.

ఇప్పుడు తెలుగువాళ్లు తడబడే చోటుకు వద్దాం. అచ్చు పుస్తకంలో గుణింతాన్ని అక్షరానికి తగిలిస్తాం, ఒత్తును కింద రాస్తాం. బ్రెయిలీలో అతికించడాలు ఉండవు, ఒకదాని తర్వాత ఒకటి వరుసగా రావాల్సిందే. నాలుగు సూత్రాలు పట్టుకుంటే చాలు.

తలకట్టుకు వేరే గుర్తు లేదు. 'క' అంటే 1, 3 అంతే.

గుణింతానికి ఆ, ఇ లాంటి అచ్చునే హల్లు తర్వాత రాస్తారు. 'కా' అంటే క, దాని పక్కన ఆ. 'కి' అంటే క, దాని పక్కన ఇ. మరి హల్లు పక్కన అచ్చు నిజంగానే విడిగా ఉంటే? అప్పుడు మధ్యలో 'అ' (1) పెట్టి విడదీస్తారు.

పొల్లు గుర్తు చుక్క 4. అది అక్షరానికి ముందు వస్తుంది. అచ్చులో చివర పెట్టే పొల్లు ఇక్కడ ముందుకొస్తుందన్నది అందరూ వినేదే, అందరూ మరిచిపోయేదే.

ఒత్తుకు విడిగా గుర్తు లేదు. మొదటి హల్లుకు పొల్లు పెట్టి రెండోది మామూలుగా రాస్తే అదే ఒత్తు.

ఒక మాట రాసి చూద్దాం. 'అమ్మ': అ (1), పొల్లు (4), మ (1, 3, 4), మ (1, 3, 4). నాలుగు గడులు. 'పుస్తకం': ప (1, 2, 3, 4), ఉ (1, 3, 6), పొల్లు (4), స (2, 3, 4), త (2, 3, 4, 5), క (1, 3), సున్న (5, 6). ఏడు గడులు. ఆ చుక్క 4 మరిచిపోయారా, 'పుసతకం' అయి కూర్చుంటుంది. 'స్త్రీ'కి పొల్లు రెండుసార్లు వస్తుంది: పొల్లు, స, పొల్లు, త, ర, ఈ. ఇది చూడకుండా రాయగలిగిన రోజున సూత్రాలు మీకు వంటబట్టినట్టే. క్ష, జ్ఞ మాత్రం ఒక్కో గడిలో పట్టేస్తాయి. క్ష 1, 2, 3, 4, 5, జ్ఞ 1, 5, 6.

అంకెలకు ముందు 3, 4, 5, 6 చుక్కల గుర్తు పెట్టి, ఇంగ్లిష్ మొదటి పది అక్షరాల గుర్తులను 1 నుంచి 9, ఆపైన 0గా వాడతారు. 1947 అంటే: అంకె గుర్తు, 1; 2, 4; 1, 4, 5; 1, 2, 4, 5. అంకె గుర్తు, 'ణ' ఒకటే. తెలుగులో 'ణ'తో మొదలయ్యే మాటలు లేవు కాబట్టి పాఠకుడికి చిక్కు రాదు.

రోజుకు నాలుగు అక్షరాలు చొప్పున నేర్చుకుంటే రెండు వారాల్లో వర్ణమాల అయిపోతుంది. అకారాది క్రమంలో నేర్చుకోకండి, జంటలుగా నేర్చుకోండి. ఎందుకంటే భారతి బ్రెయిలీ నిండా అద్దంలో బొమ్మలే. ల (1, 2, 3) అద్దంలో ళ (4, 5, 6). క అద్దంలో ఖ. బ అద్దంలో భ. మ అద్దంలో శ. య అద్దంలో ష. ఇ అద్దంలో ఏ. ఈ అద్దంలో ఎ. ఓ అద్దంలో ఔ. హ అద్దంలో జ. న (1, 3, 4, 5) అద్దంలో డ (1, 2, 4, 6).

ఆ చివరి జంట నాకు బాగా గుర్తుండిపోయింది. స్లేటు (చేత్తో చుక్కలు పొడిచే రేకు) మీద ఒక కథ రాసిచ్చాను. అందులో పిల్లవాడు 'వానలో నడుచుకుంటూ ఇల్లు చేరాడు'. నేను ఆ న ఒక్కటి తిరగేసి పొడిచాను, వాన కాస్తా వాడ అయింది. 'వాడలో నడుచుకుంటూ ఇల్లు చేరాడు.' వాక్యం నిక్షేపంగా ఉంది కదా, నేను రెండుసార్లు చూసినా దొరకలేదు. తర్వాతి పేజీలో వాళ్లమ్మ తువ్వాలు తెచ్చి తల తుడుస్తుంది. చదివిన పెద్దాయన నెమ్మదిగా అడిగారు, "ఏమ్మా, వాడలో నడిచొస్తే తలెందుకు తడిసిందీ?" అని. అర్థంలేని తప్పును పాఠకుడే సర్దుకుని చదువుకుంటాడు. అర్థం ఉన్న తప్పు కథనే మార్చేస్తుంది.

దేనితో రాయాలి

స్లేటు, స్టైలస్ అన్నిటికంటే చవక. గడుల కిటికీలున్న రేకుల మధ్య కాగితం బిగించి, వెనకవైపు నుంచి స్టైలస్‌తో పొడవాలి. కాగితం తిప్పితే చుక్కలు లేస్తాయి. అంటే కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ అద్దంలో చూసినట్టు రాయాలి. నేను దీనితోనే మొదలుపెట్టాను, అది తెలివైన పని కాదు. అక్షరాలు స్థిరపడకముందే వాటిని తిరగేసి రాయడం అలవాటైతే ఏది అసలో ఏది బొమ్మో కొన్నాళ్లు తెలియదు. స్లేటును రెండో నెలకు వాయిదా వేయండి. డబ్బాలకు పేర్లు అంటించడానికీ చిన్న చీటీలకూ అది బాగా పనికొస్తుంది.

బ్రెయిలర్ టైపు మిషను లాంటిది. ఎక్కువగా కనిపించే పర్కిన్స్ బ్రెయిలర్ 1951లో వచ్చింది. ఆరు మీటలు, మధ్యలో ఖాళీ కోసం ఒకటి. ఎడమ చూపుడువేలు 1, మధ్యవేలు 2, ఉంగరంవేలు 3. కుడిచేతిన అదే వరుసలో 4, 5, 6. హార్మోనియం మీద ఒకేసారి రెండు మూడు మెట్లు నొక్కినట్టు అక్షరానికి కావలసిన మీటలన్నీ ఒక్కసారే నొక్కాలి. ఉంగరంవేళ్లు బలహీనం కాబట్టి 3, 6 చుక్కలు నీరసంగా పడతాయి. మొదటి వారమంతా ఆ రెండు వేళ్లనే సాధన చేయించండి.

కంప్యూటర్ మీద కూడా ఆరు మీటల పద్ధతి ఉంది. పర్కీ డక్ లాంటి ఉచిత ప్రోగ్రాముల్లో ఎఫ్, డి, ఎస్ మీటలు 1, 2, 3 చుక్కలకు, జె, కె, ఎల్ మీటలు 4, 5, 6 చుక్కలకు. మొదలుపెట్టడానికి నా ఓటు దీనికే. కాగితం ఖర్చు లేదు, తప్పు చెరిగిపోతుంది. ఒకటే జాగ్రత్త: కొన్ని కీబోర్డులు ఒకేసారి ఆరు మీటలను పట్టుకోలేవు. 'ఢ' కొట్టి చూడండి. దానికి ఆరు చుక్కలూ కావాలి. ఆరూ కనిపిస్తే ఆ కీబోర్డు పనికొస్తుంది.

చివరిది, యూనికోడ్ తెలుగును (ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగును) తనంతట తానే బ్రెయిలీలోకి మార్చే సాఫ్ట్‌వేర్. లిబ్‌లూయీ అనే ఉచిత ప్రోగ్రాము, దాని మీద నడిచే బ్రెయిల్‌బ్లాస్టర్, డబ్బులిచ్చి కొనే డక్స్‌బరీ, ఇవన్నీ ఈ కోవలోవే. పెద్ద పుస్తకాలన్నీ ఇప్పుడు ఇలాగే తయారవుతున్నాయి. అలాంటప్పుడు అక్షరాలు నేర్చుకోవడం ఎందుకని అడగొచ్చు. యంత్రం రాసిందాన్ని ఎవరో ఒకరు చదవాలి, అందుకు.

మూలాన్ని శుభ్రం చేయడం

సాఫ్ట్‌వేర్‌తో చేస్తే మీ సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్‌తో పాఠంగా మారిస్తే వ, ప కలిసిపోతాయి. మ, య కలిసిపోతాయి. ద, ధ, థ ఒకదానికొకటి వేషాలేసుకుంటాయి. అచ్చులో చూసిన కన్ను 'ఇది ధ అయ్యుంటుందిలే' అని సర్దుకుపోతుంది. బ్రెయిలీలో ద 1, 4, 5. ధ 2, 3, 4, 6. వాటి మధ్య పోలికే లేదు. అక్కడ సర్దుకోవడం కుదరదు.

పుస్తకం పాత డీటీపీ ఫాంటులో ఉంటే అది తెరమీద తెలుగులాగే కనిపిస్తుంది. కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక పొల్లులు, సున్నలు ప్రత్యేకంగా వెతికి చూడండి. సున్న బదులు అంకె 0 కొట్టే అలవాటు టైపిస్టుల్లో ఉంది. కంటికి తేడా తెలియదు కానీ బ్రెయిలీలో 'పం' కాస్తా ప, అంకె గుర్తు, 0 అయిపోతుంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి దాక్కుంటుంది. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా మారుస్తోందో ఒకసారి నమూనా తీసి చూసుకోండి.

రచయిత చేసిన తప్పులు దిద్దకండి. మాండలికం ఉంటే అలాగే, తప్పు స్పెల్లింగ్ ఉంటే అలాగే రావాలి. మనం రాసిపెట్టేవాళ్లమే, సంపాదకులం కాదు. నచ్చని పేరాను కుదించిన స్వచ్ఛంద కార్యకర్త ఒకరు నాకు తెలుసు. పాపం మంచి ఉద్దేశమే. చూపున్నవారికి ఆ పేరా చదివి విసుక్కునే హక్కు ఉన్నప్పుడు లేనివారికి మాత్రం ఎందుకుండకూడదు?

పేజీని కట్టడం

మామూలు బ్రెయిలీ పేజీలో వరుసకు 40 గడులు, 25 వరుసలు. అంటే ఖాళీలతో కలిపి 1000 గడులు. 'పుస్తకం' ఒక్కదానికే ఏడు గడులు పట్టాయి కదా. 250 మాటలున్న అచ్చు పేజీ రెండు రెండున్నర బ్రెయిలీ పేజీలు తింటుంది. 200 పేజీల పుస్తకం ఒక సంపుటంలో ఇమడదు. వంద కాగితాలు దాటకుండా సంపుటాలుగా విడగొట్టండి, అదీ అధ్యాయం ముగిసిన చోట. ప్రతి సంపుటానికీ ముందు పుస్తకం పేరు, ఇది ఎన్నో సంపుటం, మొత్తం ఎన్ని అన్నది ఉండాలి.

పేరా మొదటి వరుస మూడో గడి నుంచి మొదలవుతుంది, మిగతా వరుసలు మొదటి గడి నుంచి. పేరాల మధ్య ఖాళీ వరుస వదలకండి. వేలు ఎడమ అంచున జారుతూ ఆ రెండు ఖాళీ గడులతోనే కొత్త పేరాను పట్టుకుంటుంది. అధ్యాయం శీర్షిక వరుస మధ్యలో, పైన కింద ఒక్కో ఖాళీ వరుసతో. మాట వరుసలో పట్టకపోతే విరవకండి, మొత్తంగా కింది వరుసకు పంపండి. బోల్డు, ఇటాలిక్కు అలంకారానికే పెట్టి ఉంటే వదిలేయండి. 'బోల్డులో ఉన్న పదాలకు అర్థాలు రాయండి' అని ప్రశ్న ఉంటే మాత్రం గుర్తించక తప్పదు.

పాఠ్యపుస్తకమైతే అచ్చు పేజీ నంబరు కూడా ఇవ్వాలి. టీచరు '46వ పేజీ తీయండి' అంటే తరగతిలో అందరితో పాటు ఆ పిల్లా తీయాలి. ఆ పిల్ల పుస్తకంలో అది 112వ బ్రెయిలీ పేజీ కావచ్చు. అందుకే రెండు నంబర్లూ వేస్తారు. ఈ ఒక్కటి మరిచిపోతే మిగతా శ్రమంతా తరగతి గదిలో అక్కరకు రాదు.

బొమ్మలు, పట్టికలు వచ్చినప్పుడు తొందరపడకండి. 40 గడుల వెడల్పులో ఆరు నిలువు వరుసల పట్టిక పట్టదు. దాన్ని జాబితాగా మార్చండి: ఒక్కో అడ్డు వరుసకు పేరు చెప్పి, దాని కింద 'ఎత్తు ఇంత, బరువు ఇంత' అని. అలా మార్చామని ముందు ఒక చిన్న గమనిక పెట్టాలి. అది రాసిపెట్టినవారి గమనిక అని పాఠకుడికి తెలియాలి, రచయిత మాటల్లో కలిసిపోకూడదు.

బొమ్మను వర్ణించేటప్పుడు దాని వల్ల పాఠకుడికి ఏం తెలియాలో అంతే చెప్పండి. 'నవ్వుతున్న అందమైన పాప' అనక్కర్లేదు, కథకు ఆ నవ్వు అవసరమైతే తప్ప. ప్రశ్నాపత్రంలో మరీ జాగ్రత్త. 'బొమ్మలో బాణం గుర్తు చూపే భాగం పేరేమిటి?' అని అడిగినచోట 'బాణం గుర్తు పువ్వులోని కేసరాన్ని చూపుతోంది' అని వర్ణిస్తే మీరే జవాబు అందించినట్టు. 'పువ్వు మధ్యలో నిలబడిన సన్నని కాడ, దాని కొసన చిన్న ముద్ద. బాణం ఆ కాడ వైపు ఉంది' అంటే పరీక్ష పరీక్షగానే ఉంటుంది. పటం తప్పనిసరైతే మందపాటి దారం అంటించి గీతలు చేయవచ్చు, వేడి తగిలితే గీతలు ఉబ్బే ప్రత్యేక కాగితమూ దొరుకుతుంది. అచ్చులో ఉన్నవన్నీ అందులో పెట్టకండి, నాలుగైదు గీతలు దాటితే వేలికి అది చిక్కుపడ్డ దారమే.

గణితానికి నెమెత్ కోడ్ అనీ, యూఈబీ (యూనిఫైడ్ ఇంగ్లిష్ బ్రెయిలీ) అనీ వేర్వేరు పద్ధతులున్నాయి. ఇంగ్లిష్‌లో పదాలను కుదించి రాసే సంక్షిప్తాలే 180 ఉన్నాయి. ఈ రెండూ విడిగా నేర్చుకోవాల్సిన విద్యలు. మొదటి ఏడాది లెక్కల పుస్తకం ఎవరైనా ఇవ్వబోతే, రాదని చెప్పేయండి.

ప్రూఫ్ చూడటం

రాసిన రోజే చూడకండి. కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. అప్పుడే రాసింది కళ్లకు ఇంకా తెలిసే ఉంటుంది కాబట్టి ఉన్నది కాక ఉండాల్సింది కనిపిస్తుంది.

కాగితం మీదైతే గదిలో పెద్ద లైటు ఆర్పి, టేబుల్ ల్యాంపును పక్కనుంచి ఏటవాలుగా పెట్టండి. అర మిల్లీమీటరు ఎత్తున్న చుక్క కూడా అప్పుడు పొడుగాటి నీడ వేస్తుంది. నీడలు చదవడం తెల్లటి చుక్కలు చదవడం కంటే చాలా తేలిక. మొదటి విడత చుక్క 4 కోసం మాత్రమే చూడండి. ఒత్తున్న ప్రతి మాట దగ్గరా ఆగండి. రెండో విడత అద్దం జంటల కోసం. మూడో విడత అంకెల కోసం: తేదీలు, మోతాదులు, ఫోన్ నంబర్లు, పేజీ నంబర్లు. మందు చీటీలో 1, 2 మధ్య తేడా ఒకే ఒక్క చుక్క.

ఆ తర్వాత జంట ప్రూఫ్. బ్రెయిలీ చదివే ఒకరు వేళ్లతో పైకి చదువుతుంటే మీరు మూలాన్ని చూస్తూ వింటారు. ఇంతకు మించిన పద్ధతి లేదు, దీనికి బదులు ఏదీ పెట్టకండి. చదివేవాళ్లు ఎక్కడ తడబడ్డారో రాసుకోండి, అక్కడ తప్పు లేకపోయినా సరే. చుక్క నీరసంగా పడి ఉండవచ్చు, వరుస కట్టిన తీరు ఇబ్బంది పెట్టి ఉండవచ్చు. ప్రూఫ్ చూసినవారి పేరు కూడా పుస్తకంలో వేయమని అడగండి. చాలాచోట్ల రాసిన వాళ్ల పేరే వేసి ఊరుకుంటారు.

కాగితం మీద ఎక్కువైన చుక్కను గోరుతోనో చుక్కలు అణిచే చెక్క పనిముట్టుతోనో పైనుంచి నొక్కి అణచవచ్చు. పేజీకి ఒకటి రెండైతే సరే. అంతకు మించితే పేజీ మళ్లీ రాయండి, ఎందుకంటే అణిగిన చుక్క కంటికి పోయినట్టే ఉంటుంది కానీ వేలికి గరుకుగా తగులుతూనే ఉంటుంది.

ముద్రణ, పంపడం

ఫైలైతే సంస్థ ఎంబోసర్ (చుక్కలు పొడిచే ప్రింటరు) మీద తీయిస్తుంది. రెండువైపులా తీసినప్పుడు ఒకవైపు చుక్కల సందుల్లో రెండోవైపు చుక్కలు పడతాయి, కాబట్టి చదవడానికి అడ్డురాదు. కాగితం మందంగా ఉండాలి. మామూలు జిరాక్సు కాగితం మీద చుక్కలు పది చదువులకే కుంగిపోతాయి. స్పైరల్ బైండింగ్ వేయిస్తే పుస్తకం పూర్తిగా విచ్చుకుని బల్ల మీద పరుచుకుంటుంది. రెండు చేతులతో చదివేవారికి అదే కావాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టండి. అడుగున ఉన్న పుస్తకం చుక్కలు చదునైపోతాయి. చాలా దేశాల్లో అంధుల కోసం పంపే సామగ్రికి తపాలా ఖర్చు ఉండదు. పోస్టాఫీసులో అడిగి, కవరు మీద ఏం రాయాలో కనుక్కోండి.

పుస్తకం ఫైలును దాచుకోండి, పేరులో తేదీ పెట్టి. పుస్తకం చేతికందాక పాఠకుడు తప్పులు చెబుతాడు, అప్పుడు ఆ ఫైలే దిద్దాలి. తప్పులు తెలుసుకోవడానికి నేను ఒకటే అడుగుతాను: తప్పు తగిలిన కాగితం మూల మడిచిపెట్టమని. పేజీ, వరుస రాసి పంపమంటే ఎవరూ పంపరు. మూల మడవడం వేళ్లు చదువుతూ చదువుతూనే చేసేస్తాయి. నా మొదటి పుస్తకం పదిహేడు మడతలతో తిరిగొచ్చింది. ఆ పదిహేడు కాగితాలూ మళ్లీ కొట్టి, స్పైరల్ విప్పి, వాటిని మార్చి తిరిగి పంపడానికి రెండు ఆదివారాలు పట్టింది.